నేను మిగిల్చిన డబ్బు

గుంటూరు చుట్టుపక్కల ఓ కారం మిల్లులో కాస్ట్ అకౌంటెంటుగా చేరిన కొత్తలో ఓనరు గారి ముందు ఒక నివేదిక పెట్టాను. కిలో కారం మీద ఎంత మిగిల్చానో అందులో పైసలతో సహా ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరగేసినా కూడికల్లో గానీ తీసివేతల్లో గానీ ఒక్క తప్పు దొరకలేదు. ఈ కథ చెప్పుకోవడానికి సిగ్గేసేది అక్కడే. లెక్క తప్పి మునిగినవాడి మీద కనీసం జాలిపడతారు. లెక్క సరిగ్గా వేసి సంస్థను ముంచినవాణ్ణి ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

ఖర్చు తగ్గించమని నన్నెవరూ అడగలేదు. ముందు అది చెప్పాలి. నా అంతట నేనే తగ్గించాను.

మొదట నా కన్ను పడింది ఏరుడు మీద. గోడౌన్లో తొడిమలు తీసే ఆడవాళ్లకి కిలో లెక్కన కూలి. అది నాకు అర్థమయ్యే పని: ఇన్ని కిలోలు, ఇంత కూలి. కానీ తొడిమ తీసిన సరుకునే మళ్లీ పరదాల మీద పోసుకుని, వాళ్లలో కొందరు అనుమానం వచ్చిన కాయనల్లా విరిచి, లోపలికి చూసి, పక్కకి పడేసేవాళ్లు. ఆ పనికి మాత్రం రోజు కూలి. ఎంత విరిచారో, ఎంత పారేశారో కాగితం లేదు. గడియారం చూసుకుంటూ ఓ పూట వాళ్ల దగ్గర నిలబడ్డాను. ఆ ముఠాకి మేస్త్రిగా ఉన్న పెద్దావిడ నా వాలకం కనిపెట్టి, "కాయ పైకి ఎర్రగానే ఉంటది సారూ, విరిస్తేగానీ లోపల బూజు కనపడదు" అంది. నేను తలాడించాను. సాయంత్రం నా నోట్సులో 'విలువ చేర్చని పని' అని రాసుకున్నాను. ఆ మాట అంతకుముందెప్పుడో ఒక సెమినార్లో విన్నాను, వాడే అవకాశం కోసం చూస్తున్నాను. ఆ ఏరుడు మాన్పించాను.

రెండోది కొనుగోలు. మా మిల్లుకి పల్నాడు వైపు కొన్ని ఊళ్ల రైతులు తెలుసు. వాళ్లు కాయను కల్లంలో నేల మీద కాకుండా టార్పాలిన్ పట్టాల మీద ఎండబెట్టేవాళ్లు. రాత్రి మంచు పడకుండా కప్పేవాళ్లు. టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు వాళ్లకి లేదు. అందుకు మిర్చి యార్డు ధర మీద కిలోకి కొంచెం ఎక్కువ ఇచ్చేవాళ్లం. ఆ ఎక్కువకి పుస్తకాల్లో విడిగా ఖాతా ఉంది. విడిగా ఖాతా ఉన్న ఖర్చు మీదే కత్తి ముందు పడుతుంది. అదే తేజ రకం, అదే రంగు, యార్డులో తక్కువకి దొరుకుతుంటే ఎక్కువ పెట్టడం దేనికన్నాను. కొట్టేశాను.

మూడోది ల్యాబు ఫీజు. అంతకుముందు ప్రతి లాటుకీ అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందేమోనని పరీక్ష చేయించేవాళ్లం. కొనేవాళ్లు అడిగినప్పుడు మాత్రమే చేయిద్దామన్నాను.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. నాణ్యతకయ్యే ఖర్చులంటే ఏమిటో నాకు తెలియక ఇదంతా చేయలేదు. పరీక్షలో ఆ ప్రశ్నకి జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఆర్మండ్ ఫీగెన్‌బామ్ 1956లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం నుంచి ఆ లెక్క మొదలుపెట్టాను. లోపం రాకుండా ముందే పెట్టే ఖర్చు, వచ్చిందేమోనని చూసుకోవడానికయ్యే ఖర్చు, గేటు దాటకముందు బయటపడిన లోపం వల్ల నష్టం, గేటు దాటాక బయటపడిన దానివల్ల నష్టం. నాలుగు గళ్ల పట్టిక గీసి, స్కేలుతో కింద గీత కూడా కొట్టాను. ఆ పట్టికని బట్టి చూస్తే పట్టాల రైతుకిచ్చే ఎక్కువ ధర మొదటి గడిలోకి, ల్యాబు ఫీజు రెండో గడిలోకి వస్తాయి. కాయలు విరిచే ఆడవాళ్లకి ఆ రెండింటిలోనూ చోటుంది. మిల్లులో మాత్రం నాకా పట్టిక గుర్తుకే రాలేదు. అది పరీక్షకి సంబంధించిన విషయం, ఇది ఉద్యోగం!

గుర్తొచ్చిందల్లా నాణ్యత నిపుణుడు జోసెఫ్ జురాన్ పేరుతో మా పుస్తకాల్లో ఉండే బొమ్మ ఒక్కటే. నాణ్యత పెంచేకొద్దీ దాని మీద ఖర్చు పైకి పోతుంది, లోపాల నష్టం కిందికి దిగుతుంది, రెండూ కలిపిన గీత మధ్యలో ఎక్కడో అట్టడుగుకి చేరుతుంది. అంతకు మించి నాణ్యత అనవసరం అని ఆ బొమ్మ చెబుతున్నట్టుంటుంది. ఓనరు గారికి ఆ బొమ్మ గీసి చూపించాను. "మనం ఆ అడుగుకి కుడివైపు ఉన్నామండీ" అన్నాను. ఎక్కడున్నామో నాకెలా తెలుసు? నా దగ్గర ఒక గీతకి అంకెలున్నాయి, రెండో గీతకి ఒక్క అంకె కూడా లేదు. జురాన్ తన పుస్తకం తర్వాతి కూర్పుల్లో ఆ బొమ్మను మార్చేశారని, అట్టడుగు బిందువు లోపమే లేని చోటికి జరిగిందని చాలా ఆలస్యంగా చదివాను. చదివినా ఆ రోజుల్లో పాత బొమ్మనే చూపించి ఉండేవాణ్ణి. అది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి.

ఇప్పుడు చెమ్మ లెక్క. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా తెలివి అసలు బయటపడింది ఇక్కడే.

పది శాతం చెమ్మ ఉన్న కాయ కిలో 150 రూపాయలనుకోండి. పధ్నాలుగు శాతం చెమ్మ ఉన్నది 145కి దొరికింది. నా నివేదిక ప్రకారం కిలోకి ఐదు రూపాయలు మిగులు. కానీ కారం ఆడాలంటే ఆ రెండో కాయ పది శాతానికి దిగాలి. 100 కిలోల్లో నీరు కాక ఉన్నది 86 కిలోలు. అది పది శాతం చెమ్మతో నిలబడితే తూకం 95 కిలోల 560 గ్రాములకి వస్తుంది. పెట్టింది 14,500 రూపాయలు. అంటే కిలో దాదాపు 151 రూపాయల 75 పైసలు. ఐదు రూపాయలు తక్కువకి కొన్నానని మురిసిన సరుకు ఎండిన కాయ కన్నా రూపాయిముప్పావు ఎక్కువకి పడింది. పైగా ఎండబెట్టడానికి చోటు, కూలీలు, రోజులు వేరే. నాలుగున్నర కిలోల నీళ్లని మిర్చి ధరకి కొన్నాను.

కాగితం మీద ఎనిమిదో తరగతి పిల్లాడు వేసే లెక్క ఇది. నేనెందుకు వేయలేదు? కొనుగోలు ఒక రిజిస్టరు, గోడౌన్ తరుగు ఇంకో రిజిస్టరు. ఐదు రూపాయలు మొదటిదాంట్లో కనపడ్డాయి. నాలుగున్నర కిలోలు రెండోదాంట్లో మాయమయ్యాయి. తరుగు పెరుగుతోందని గుమస్తా చెప్పినప్పుడు నేను చేసిన పని ఇంకా ఘనమైనది. మా శాస్త్రంలో సాధారణ నష్టం, అసాధారణ నష్టం అని రెండుంటాయి. ఏ సరుకుకైనా ఇంత తరుగు ఉండేదే అని ముందే ఒప్పుకుంటే అది సాధారణం. దాని భారం మిగిలిన మంచి సరుకు ధరలో కలిసిపోతుంది, ఎవరూ ప్రశ్నించరు. ఆ హద్దు దాటితేనే అది అసాధారణమై లాభనష్టాల ఖాతాలో పడి అందరి కళ్లకీ కనిపిస్తుంది. నేను హద్దు పెంచాను. 'అనుభవాన్ని బట్టి సవరించడమైనది' అని ఓ నోటు రాసి సంతకం పెట్టాను. ఆ నెల నుంచి అసాధారణ నష్టం సున్నా. ఆడిటరు కూడా మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత చిన్న చిన్నవి మొదలయ్యాయి. ఒక మసాలా కంపెనీ రంగు తగ్గిందని రిబేటు అడిగింది. ఇచ్చాం. ఒక లాటు ముద్దకడుతోందని మళ్లీ ఎండబెట్టి మళ్లీ మిల్లుకి పెట్టాం. కరెంటు బిల్లు పెరిగింది. రాత్రి షిఫ్టు పెట్టాల్సొచ్చింది. వీటన్నిటికీ వోచర్లు పాస్ చేసింది నేనే. రిబేటుని అమ్మకాల తగ్గింపులో వేశాను. కరెంటుని కరెంటులో వేశాను. రాత్రి షిఫ్టుని ఓవర్‌టైములో వేశాను. ఎక్కడ వేయాలో అక్కడే వేశాను. ఏ వోచరు మీదా 'ఏరుడు మానేసినందుకు' అని రాసిలేదు మరి. పైగా ఓవర్‌టైము పెరిగిందని మిల్లు సూపర్‌వైజరుకి సంజాయిషీ నోటీసు కూడా నేనే ఇచ్చాను.

యూరప్‌కి పంపిన కంటైనరు అక్కడి రేవులో ఆగిపోయింది. అఫ్లటాక్సిన్.

ఈ విషం సంగతి మొదట బయటపడింది మిరపలో కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోతే, వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండిలో పట్టిన బూజు తయారుచేసిన విషమని తేలింది. అదే జాతి బూజు చెమ్మతో నిలవున్న మిరపకాయలోనూ పెరుగుతుంది. కాలేయానికి కేన్సరు తెచ్చే గుణం దానిది. వండినా పోదు, మరాడించినా పోదు. యూరప్ వాళ్లు మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకి ఐదు మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి పది మైక్రోగ్రాములు మించకూడదంటారు. ఐదు మైక్రోగ్రాములంటే టన్ను మిరపకాయల్లో ఐదు మిల్లీగ్రాములు. మన దేశంలో అనుమతించేది అంతకంటే ఎక్కువ. అందుకే ఇక్కడ అమ్ముకున్నంతకాలం నా ఆదా క్షేమంగా ఉంది.

ఈ విషం సరుకంతా సమానంగా పరుచుకుని ఉండదు. వేల కాయల్లో ఏ పదింటికో పడుతుంది. కానీ పట్టిన కాయలో విపరీతంగా ఉంటుంది. కాయగా ఉన్నప్పుడు ఆ పదీ ఏరి పారేస్తే మిగతా సరుకు బతుకుతుంది. మిల్లులో పడి పొడైన క్షణం నుంచి ఆ పది కాయలూ మొత్తం లాటులో కలిసిపోతాయి, ఇక ఎవరూ వేరు చేయలేరు. అంటే ఆ ఆడవాళ్ల చేతులు పనిచేసే చోటు, లోపాన్ని చవగ్గా ఆపగలిగిన ఆఖరి చోటు. వాళ్లు విరిచి పారేసినది కిలో కాయలైతే, నేను మిగిల్చినది ఆ కిలో కాయల్ని. మిగిల్చి, మరాడించి, అన్నిట్లోనూ సమంగా కలిపాను.

కంటైనరు తిరిగొచ్చేదాకా డెమరేజీ, పోనూ రానూ ఓడ కిరాయి, అక్కడి ల్యాబు ఖర్చు, కట్టుబడిపోయిన సొమ్ము మీద బ్యాంకు వడ్డీ. ఇవన్నీ నా టేబులు మీదికే వచ్చాయి. నేనేం చేశానో చెప్పనా? ఎగుమతి రవాణా ఖాతా ఆ మూడు నెలల్లో విపరీతంగా పెరిగిందని గమనించి, షిప్పింగ్ ఏజెంటుని మారిస్తే కొంత తగ్గుతుందని ఓనరు గారికి సిఫారసు చేశాను. మూడు ఏజెన్సీల దగ్గర కొటేషన్లు కూడా తెప్పించాను. ఆయన నా మొహంకేసి కాసేపు చూసి, "ముందు ఆ డబ్బా ఎందుకు వెనక్కొచ్చిందో కనుక్కోండి" అన్నారు.

కనుక్కున్నానా అంటే, అదీ పూర్తిగా కాదు. భయపడ్డాను. భయపడినవాడు ఖర్చు చేస్తాడు. ఒక్క లాటుకి నాలుగైదు పరీక్షలు, ఒక ల్యాబులో వస్తే ఇంకో ల్యాబులో మళ్లీ. గోడౌన్ కుర్రాడు పైనున్న టిక్కీల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి కవర్లో వేసి పంపేవాడు. రిపోర్టు బాగుందని వచ్చేది. ఫైల్లో పెట్టేవాణ్ణి. అదే లాటు అవతల రేవులో తప్పింది. అప్పుడు ల్యాబు వాళ్ల మీద కోపమొచ్చింది. వాళ్ల తప్పేం లేదు. విషం పది కాయల్లో ఉన్నప్పుడు గుప్పెట్లోకి ఆ పదీ రాకపోవడమే సహజం. అందుకే యూరప్ పద్ధతిలో పెద్ద లాటయితే వంద చోట్ల వరకూ కొంచెం కొంచెం తీసి కలిపి నమూనా చేస్తారు. నేను సరుకు మార్చకుండా రిపోర్టులు పెంచాను. పట్టాల రైతుని వదిలేసి, ఆడవాళ్లని మానిపించి, ఆ డబ్బుకి రెట్టింపు ల్యాబుకి పోసి, దానికి నాణ్యత అని పేరు పెట్టాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

చివరికి కూచుని చేసిన పని చాలా చిన్నది, విసుగు పుట్టించేది. పాత వోచర్లన్నీ దించి ఒక్కొక్కదాని వెనకా ఒకే ప్రశ్న రాశాను: మొదటిసారే సరుకు సరిగ్గా ఉంటే ఈ కాగితం పుట్టేదా? పుట్టదు అన్నవన్నీ ఒక పక్కన పెట్టాను. రిబేట్లలోంచి, కరెంటులోంచి, ఓవర్‌టైములోంచి, కిరాయిల్లోంచి, వడ్డీలోంచి, ఖాళీ సంచుల కొనుగోలులోంచి, చివరికి మేనేజరు మద్రాసు రేవుకి వెళ్లొచ్చిన ప్రయాణ ఖర్చులోంచి కూడా వచ్చాయి. నా ఆదా మొత్తం ఒక ఫైలు మందాన ఉంటే, అవతలి కుప్పని పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసొచ్చాయి. ఫీగెన్‌బామ్ చెప్పిన దాగిన ఫ్యాక్టరీ అదే. చెడిన దాన్ని మళ్లీ చేయడానికే నడిచే ఫ్యాక్టరీ. మా మిల్లులో దానికి రాత్రి షిఫ్టు కూడా ఉంది.

ఆ కుప్పలో లేనివి కూడా ఉన్నాయి. మా దగ్గర ఏళ్ల తరబడి కొన్న ఒక వ్యాపారి మానేశాడు. తగాదా పడలేదు, ఉత్తరం రాయలేదు, ఊరికే ఆర్డరు పెట్టడం మానేశాడు. దానికి వోచరుండదు. రాని డబ్బుకి ఏ గుమస్తా రసీదు రాయడు. యూరప్ దేశాలు తాము ఆపిన సరుకు వివరాలని ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు చేసుకున్నాయి. పైగా 2010 నుంచి వాళ్లు భారతదేశపు మిరపని అదనపు తనిఖీల జాబితాలో పెట్టారు. అంటే నేను పంపిన చెడ్డ కంటైనరు ఖర్చులో కొంత భాగాన్ని, నాకు మొహం కూడా తెలియని ఇంకో ఎగుమతిదారు కట్టాడు. ఆయన సరుకు బాగున్నా రేవులో ఆగి ఉంటుంది.

ఇదెంత దూరం పోతుందో 2005లో బ్రిటన్‌లో కనిపించింది. మన దేశం నుంచి వెళ్లిన కొంత కారంలో సుడాన్ 1 అనే రంగు కలిసింది. మైనానికీ పాలిష్‌లకీ వాడే రంగు, తినేవాటిలో నిషేధం. ఆ కారం ఒక సాసులోకి పోయింది, ఆ సాసు వండిన భోజనాల్లోకి, చిప్సుల్లోకి, సూపుల్లోకి పోయింది. 400కు పైగా రకాల సరుకుల్ని దుకాణాల అరల్లోంచి వెనక్కి తీశారు. ఎరుపు కోసం ఎవరో ఇక్కడ కలిపిన రంగుకి ఎంత ఖర్చయి ఉంటుంది? మిర్చిని ఎర్రగా ఎండబెట్టుకోవడానికయ్యే దానికన్నా తక్కువే అయి ఉంటుంది, లేకపోతే కలపడు. ఆ మనిషి లెక్క కూడా నా లెక్కలాగే కరెక్టు. ఇలాంటి వాటివల్లే ఎగుమతి మిర్చికి స్పైసెస్ బోర్డు పరీక్షలు తప్పనిసరయ్యాయి. గుంటూరులో వాళ్లకి ల్యాబుంది. ఆ ల్యాబు ముందు వరసలో నిలబడి విసుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇదంతా అయ్యాక ఫిలిప్ క్రాస్బీ పుస్తకం చేతికొచ్చింది. 1979లో వచ్చింది. నాణ్యత ఉచితం అని దాని పేరే చెబుతుంది. ఖర్చయ్యేది మంచి సరుకుకి కాదు, మొదటిసారి సరిగ్గా చేయకపోవడానికి అని ఆయన వాదన. ఒప్పుకున్నాను. కానీ పూర్తిగా కాదు. ఆయన ఐటీటీ అనే పెద్ద సంస్థలో నాణ్యత చూసుకునే వైస్ ప్రెసిడెంటుగా పనిచేసినవాడు. ఒకే కప్పు కింద ఖర్చు పెట్టేవాడూ లాభపడేవాడూ ఒకరే అయినప్పుడు అది ఉచితమే కావచ్చు. మిర్చిలో అలా కాదు. పట్టా కొనేది రైతు. పొలంలో రాత్రి లేచి కప్పేది రైతు. దానివల్ల రేవు దాటేది మా కంటైనరు. యార్డులో ధర పలికేది రంగునీ రకాన్నీ తాలు కాయల్నీ చూసి. లోపలి బూజు ఎవరికీ కనపడదు, ఎండబెట్టిన తీరుకి పైసా రాదు. నీళ్లు చల్లి తొక్కిన టిక్కీ తూగుతుంది, ఎండినది తేలిపోతుంది. శ్రద్ధగా ఎండబెట్టిన రైతు నష్టపోతాడు. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఎక్కువ ధర కొట్టేశాక ఒకాయన ఆఫీసు గుమ్మంలో నిలబడి, "మేము పట్టాలు ఎందుకు కొనాలండీ మరి?" అని అడిగాడు. నేను మార్కెట్ రేటు గురించి ఏదో చెప్పాను. ఆయన ఆ మరుసటి ఏడు నేల మీదే ఎండబెట్టాడు.

ఆడవాళ్లని మళ్లీ పిలిపించాం. కొందరు వేరే కోల్డ్ స్టోరేజీల్లో పనికి కుదురుకున్నారు, రాలేదు. మేస్త్రి వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకి ఏ కాయ విరవాలో, ఏది వదిలెయ్యాలో నేర్పడానికి ఆవిడకి ఒక సీజను పట్టింది. దానికీ ఖర్చయింది. నేను పుస్తకాల్లో కొత్త ఖాతా ఒకటి తెరిచాను, సరుకు చెడినందువల్ల అయిన ఖర్చులన్నీ ఎక్కడ పుట్టినా అందులోనే పడేట్టు. మొదటి నెల దాని మొత్తం చూసి ఓనరు గారు, "ఇంత ఖర్చు ఇప్పుడెక్కడి నుంచి తెచ్చారండీ?" అన్నారు. కొత్తది కాదని, ఇన్నాళ్లూ ఉన్నదేనని చెప్పాను. మేస్త్రికి కూడా ఈ ఖాతా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. కూలీ డబ్బులకి వచ్చినప్పుడు వేలిముద్ర వేస్తూ, "మరి మీ జీతం ఏ పద్దులో రాశారు సారూ?" అని అడిగింది. పక్కనున్న గుమస్తా రిజిస్టరు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

సాధారణ తరుగు హద్దుని పాత చోటికి దించాను. దించిన నెల నుంచి అసాధారణ నష్టం మళ్లీ కనపడుతోంది. ప్రతి నెలా దానికి సంజాయిషీ నేనే రాయాలి. హద్దు కొంచెం జరిపితే పోతుంది కదా అని నెలాఖరున ఇప్పటికీ అనిపిస్తుంది.

పట్టాల రైతులకి ఎక్కువ ధర విషయం తేలలేదు. ఓనరు గారు కిలోకి రెండు రూపాయలంటున్నారు. నేను మూడు ఇవ్వాలంటున్నాను. ఈసారి చెమ్మ కొలిచే మీటరు పట్టుకుని యార్డుకి వెళితే, కమీషన్ ఏజెంటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బయట పెట్టకండి సార్, మిగతావాళ్లు నా దగ్గర సరుకు దించరు" అన్నాడు. దాన్ని సంచిలో పెట్టుకుని, ముందు వరసలో ఉన్న టిక్కీలోకి చెయ్యి పెట్టి ఓ కాయ తీసి విరిచాను. ఆయన అదీ వద్దన్నాడు.